మంచుకొండ మీద సంకల్పం

సదాశివ శాస్త్రిగారికి ఒక అలవాటుంది. ఎవరైనా ధర్మసందేహం పట్టుకుని వస్తే ముందు ఓ గ్లాసుడు మజ్జిగ ఇప్పిస్తారు. అది తాగినంతసేపైనా మనిషి నోరు మూసుకుని ఉంటాడని ఆయన ఆశ. బొబ్బిలిలో ఆయన ఇంటి వసారాలో కూర్చుని వేదాంతం చెప్పించుకునే మాబోటి వాళ్ళందరికీ ఆ మజ్జిగ రుచి బాగా తెలుసు.

ఆ రోజు నరహరి గ్లాసు ముట్టుకోనైనా ముట్టుకోకుండా మొదలుపెట్టాడు. వాళ్ళ అన్నగారు విజయనగరం ఆసుపత్రిలో ఉన్నారు. ఇవాళో రేపో అన్నట్టుంది. ఇల్లు పంచుకున్నప్పుడు వచ్చిన తగువుతో అన్నదమ్ములకి మాటలు పోయి చాలా ఏళ్ళయింది.

“గురువుగారూ, తప్పు ఆయనదే. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఇప్పుడు ఆయన పిలవకుండా నేను వెళ్ళొచ్చా? వెళ్తే ముందు పలకరించాల్సింది పెద్దవాడా, చిన్నవాడా? పలకరించి క్షమించానని చెప్పాలా, క్షమించమని అడగాలా? దీనికి శాస్త్రం ఏమంటుందండీ? పైగా రేపు అమావాస్య.”

నాకైతే లేచి వాడి వీపు మీద ఒక్కటివ్వాలనిపించింది. శాస్త్రిగారు మాత్రం తువ్వాలుతో ముఖం తుడుచుకుని, “పోయినేడు మేము ఆల్ప్స్ కొండలు చూడ్డానికి వెళ్ళాం చూడు, ఆ సంగతి చెబుతాను విను,” అన్నారు.

“అది కాదండీ, నా సంగతి...”

“నీ సంగతే చెబుతున్నాను.”

ఆయన చెప్పింది ఇది. బొబ్బిలి, పార్వతీపురం వాళ్ళు ఒక బస్సెడు మంది కలిసి ఆ యాత్రకి బయల్దేరారు. శాస్త్రిగారిని శిష్యులు బలవంతాన తీసుకెళ్ళారు. అక్కడ చూడవలసినవి తక్కువేం కాదు. రాజులు కట్టిన కోటలు, పైకప్పున్న కర్ర వంతెనలు, పళ్ళచక్రాల మీద కొండెక్కే రైలు, ఇంత ఎత్తునుంచి దూకే జలపాతాలు. అయితే చయనులుగారు, పేర్రాజుగారు అని ఇద్దరు పండితులు కూడా వచ్చారు. వాళ్ళున్నచోట ఎవరూ ఏదీ స్థిమితంగా చూడలేరు. కోట దగ్గర దాని వాస్తు మీద వాదన. జలపాతం దగ్గర అందులో తల తడుపుకుంటే తీర్థస్నానం కిందకి వస్తుందా, ఉత్త స్నానమేనా అని వాదన. వాళ్ళు తేల్చేలోపు డ్రైవరు హారన్ కొట్టేవాడు. మిగతావాళ్ళు ఏం చూశారని అడిగితే ఆ ఇద్దరి వీపులు చూశామని చెప్పాలి.

ఇదంతా నోరెత్తకుండా భరించినవాడు జోగారావు. ఆయన కొండలు చూడ్డానికి రాలేదు. ఆయన తమ్ముడు సూర్యం ఆ దేశంలోనే ఉద్యోగం చేసి, అక్కడి అమ్మాయి రెగీనాని పెళ్ళి చేసుకుని, అంతకు ముందు వేసవిలో ఒక కొండ మీది చెరువు గట్టున కాలు జారి నీళ్ళలో పడి చనిపోయాడు. వీసా వేళకి రాక జోగారావు కడసారి చూపుకి కూడా నోచుకోలేదు. పిల్లలు లేని తమ్ముడికి, పోయినచోటే మూడు దోసిళ్ళ నువ్వుల నీళ్ళు వదిలి రావాలని ఒకటే కోరిక. బొబ్బిలి నుంచి డబ్బీలో నువ్వులు, దర్భలు మోసుకొచ్చాడు. దారి పొడుగునా ఆ డబ్బీ ఉందా లేదా అని చొక్కా జేబు తడిమి చూసుకుంటూనే ఉన్నాడు.

ఆ చెరువుకి రోప్‌వే ఎక్కి వెళ్ళాలి. రెగీనా కూడా వచ్చింది. ఆమెకి వచ్చిన తెలుగు తక్కువే. జోగారావుని చూడగానే “బావగారూ” అని పిలిచి చేతులు పట్టుకుంది. పైన పచ్చగా నీళ్ళు, వెనక మంచు కప్పిన శిఖరాలు, గట్టున వాళ్ళ మేరీమాతకి ఎప్పుడో కట్టిన చిన్న రాతి గుడి. మబ్బు పడుతోంది, పిడుగులు పడే సూచన కనిపిస్తే వెంటనే దించేస్తాం అని రోప్‌వే మనిషి ముందే చెప్పాడు.

జోగారావు జంధ్యం కుడి భుజం మీదికి వేసుకుని, నువ్వులు అరచేతిలో పోసుకుని, నీళ్ళ అంచున కూర్చున్నాడు. చయనులుగారు సంకల్పం మొదలుపెట్టారు. ఏ కాలంలో, ఏ చోట ఉండి ఈ పని చేస్తున్నామో అందులో చెప్పుకోవాలి. బొబ్బిలిలో అయితే శ్రీశైలానికి ఈశాన్యాన అని కంఠతా వచ్చిన మాటే. ఆయన అలవాటు కొద్దీ అదే అనేశారు. పేర్రాజుగారు “ఆగండాగండి,” అన్నారు.

ఇంకేముంది! ఆల్ప్స్ కొండలు శ్రీశైలానికి ఏ దిక్కు? విమానం పడమరకి వచ్చింది కనుక పడమర అని చయనులుగారు. ఇంత మంచున్న చోటు ఉత్తరం కాక మరేమవుతుందని పేర్రాజుగారు. అసలిది భరతఖండమే కానప్పుడు శ్రీశైలం ఊసెత్తాలా అని ఇంకొకాయన. ఫోనులో చూద్దామంటే సిగ్నలు లేదు. శాస్త్రిగారు ఒళ్ళు మండి, “ఏదో ఒక దిక్కు అనేసి కానివ్వండయ్యా!” అని అరిచారు. “మీరు వేదాంతులు, మీకేం, ఏమైనా అంటారు,” అని ఇద్దరూ ఆయన మీదికి లేచారు. ఆ ఒక్క విషయంలో మాత్రం వాళ్ళకి ఏకాభిప్రాయం కుదిరింది.

శాస్త్రిగారు జోగారావు పక్కకి వెళ్ళి, “నువ్వు వదిలెయ్యి నాయనా, నీ తమ్ముడు పుచ్చుకుంటాడు,” అన్నారు. జోగారావు కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, “వద్దండీ, తప్పుగా వదిలితే వాడికి అందవేమో. ఒక్క క్షణం, వాళ్ళు తేల్చేస్తారు,” అన్నాడు. తమ్ముడి మీద ప్రేమే ఆయన చెయ్యి కట్టేసింది. దానికేమనగలం?

ఏమిటింత ఆలస్యమని రెగీనా ఇంగ్లీషులో అడిగింది. మనం ఎక్కడున్నామో తెలియక, అని పేర్రాజుగారు జవాబిచ్చారు. ఆమె ఆయన ముఖంలోకి అలాగే చూసి, జోగారావు కాళ్ళ దగ్గరున్న నున్నటి రాయిని చూపించింది. “ఇక్కడ. ఆయన జారింది ఈ రాయి మీదినుంచే. మనం ఇక్కడున్నాం.”

చయనులుగారు అది విని, దయగా తల పంకించి, మళ్ళీ పేర్రాజుగారి వైపు తిరిగారు.

అంతలోనే కొండ వెనక ఉరిమింది. రోప్‌వే మనిషి గంట కొట్టి, పరిగెత్తుకుంటూ వచ్చి, ఉన్నవాళ్ళని ఉన్నట్టుగా లేవదీశాడు. జోగారావు లేవనంటే ఇద్దరు చెరో రెక్క పట్టుకుని రోప్‌వే పెట్టెలోకి ఎక్కించారు. దిగుతుండగా సగం దారిలో చయనులుగారి ఫోనుకి సిగ్నలు వచ్చింది. దిక్కు తేలిపోయింది. పండితులిద్దరూ ఎంతో సంతోషించి ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. రెగీనా వాళ్ళకి వీపు తిప్పి నిలబడింది. జోగారావు గుప్పిట విప్పలేదు. మర్నాడు పొద్దున్నే వాళ్ళ విమానం.

“నీళ్ళు ఎంత దూరంలో ఉన్నాయనుకున్నావు?” అన్నారు శాస్త్రిగారు. “చెయ్యి చాపితే తడుస్తుంది.”

నరహరి తల వంచుకుని చాలాసేపు ఆలోచించాడు. వీడికి తగిలింది, ఇప్పుడు లేచి వెళ్తాడు అనుకున్నాను. వాడు తలెత్తి, “ఇంతకీ ఏ దిక్కని తేలిందండీ?” అన్నాడు.

నిజం చెప్పొద్దూ, నాకూ ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. మిగతావాళ్ళూ మెడలు చాచారు.

శాస్త్రిగారు మా అందరినీ ఒకసారి కలయజూసి, నుదురు కొట్టుకున్నారు.

“మీ అన్నగారున్న ఆసుపత్రి ఇక్కడికి ఏ దిక్కయ్యా?”

“విజయనగరం కదండీ, దక్షిణం.”

“అది తెలుసు కదా,” అన్నారు శాస్త్రిగారు. “మరి ఇంకా కూచున్నావేం?”