ముళ్లపంది మూసిన బాట

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక కొండ, కొండకింద ఒక వాగు. రెంటికీ నడుమ ముళ్లపంది నేల ఉండేది. ఎండాకాలమంతా పిల్లలను సాకడానికి అది అక్కడ దుంపలు పెంచుకునేది.

ఆ నేల మధ్యగానే జంతువులు నీటికి పోయే కాలిబాట. తాతలనాటిది. దానికొక ఆచారం ఉంది. పరుల నేలలో అడుగుపెట్టేవారు గట్టుమీద ఆగి, మూడుసార్లు నేలకు కాలు తాటించి, చప్పుడు చేసుకుంటూ నడవాలి. దొంగలం కామని చెప్పడం అన్నమాట.

ఒకనాడు రెండు దుంపలు మాయమయ్యాయి. ముళ్లపందికి అనుమానం మొలిచింది. "ఈ చప్పుడు మర్యాదకేనా? తోడుదొంగలకు సంకేతమా?"

మర్నాడు బాటకు అడ్డంగా నిలబడింది. ముందుగా దుప్పి వచ్చింది.

"నోరు తెరువు వదినా, మట్టి వాసన వస్తుందేమో చూస్తాను."

దుప్పి చిన్నబోయి నోరు తెరిచింది. తరువాత కుందేలు వచ్చింది.

"నీ బుగ్గలు ఉబ్బాయేం?"

"పుట్టినప్పటినుంచీ ఇంతే బావా!"

చివరికి ముసలి తాబేలు వచ్చింది. ముళ్లపంది దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"డిప్ప విప్పి చూపమంటావా నాయనా? మళ్లీ తొడిగే పని మాత్రం నీదే" అంది తాబేలు.

ఎవరి దగ్గరా ఏమీ దొరకలేదు. దొరకకపోవడమే అనుమానాన్ని పెంచింది. ఇంత శుభ్రంగా దాచారంటే ఎంతటి గట్టివాళ్లో! ఆ సాయంత్రమే బాటకు రెండు కొసలా ముళ్లకంప వేసింది. పాపం, జంతువులు కొండ చుట్టూ తిరిగి వాగుకు పోసాగాయి.

మొదటిరోజు నేలంతా నిశ్శబ్దం. ముళ్లపందికి హాయి అనిపించింది. రెండోరోజు తీగలు వాడాయి. మూడోరోజు ఒక తీగను లాగితే దుంప లేకుండా ఊడివచ్చింది. కింద బొరియ. బొరియలో పొట్ట నిమురుకుంటూ పందికొక్కు.

"బాట మూశానే! నువ్వెలా వచ్చావు?"

"నాకు బాటెందుకన్నా? అడుగునుంచే వస్తాను. ఇన్నాళ్లూ పైన ఆ కాళ్ల చప్పుడుకు హడలి, ఒకటీ అరా కొరికి పారిపోయేవాణ్ణి. నీ పుణ్యమా అని ఈ మూడురోజులూ నిమ్మళంగా తిన్నాను" అని అది మట్టిలోకి జారుకుంది.

తవ్వి చూస్తే పిల్లలకు మిగిలినవి నాలుగే దుంపలు.

ముళ్లపంది కంప పీకేసింది. కొండమలుపులో అలసి ఆగిన తాబేలుకు ఎదురువెళ్లింది.

"తాతా, బాట తెరిచాను. రా."

తాబేలు దాని ముఖంలోకి చూసింది. "కంప తీశావు, సంతోషం. ఆనాడు మమ్మల్ని చూసిన చూపు కూడా తీసేశావా?"

ముళ్లపంది తల దించుకుంది. తాబేలు ఆ చుట్టుదారినే మెల్లగా సాగిపోయింది.

నీతి: నలుగురూ నడిచే బాటను అనుమానంతో మూసినవాడు దొంగను ఆపలేడు, తనకు తెలియకుండానే తన నేలను కాస్తున్నవారిని పోగొట్టుకుంటాడు.