కాలు తీసిన పంతులు

అనగనగా అంటే ఎంత అనగనగానో నేను చెప్పలేను. ఉప్పును కుంచాలతో కొలిచే రోజులు. సముద్రం పక్కన ఉప్పుమడి అని ఒక ఊరు. ఊరికి మూడు వైపులా ఉప్పు మడులు, నాలుగో వైపు సముద్రం. ఊళ్ళో ఒక వీధిబడి ఉండేది. తాటాకు పాక, ఇసుక నేల. పిల్లలు ఆ ఇసుకలోనే వేలితో అక్షరాలు దిద్దేవారు.

ఆ బడికి ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు పంతుళ్ళు వచ్చారు.

మొదటాయన కొట్టేవాడు. అక్షరం వంకర పోతే బెత్తం, ఎక్కం తప్పితే బెత్తం. పిల్లలు ఇళ్ళకు పోయి మేకపిల్లల్ని కొట్టారు, తమ్ముళ్ళని కొట్టారు. ఊళ్ళో పెద్దలు అనుకున్నారు: "పంతులు చెప్పింది రాలేదు, చేసింది వచ్చింది."

రెండో ఆయన చెయ్యెత్తేవాడు కాదు. వెక్కిరించేవాడు. నత్తివాడికి ఒక పేరు, పొట్టివాడికి ఒక పేరు. పిల్లలు ఇళ్ళకు పోయి ముసలమ్మలకు పేర్లు పెట్టారు. పెద్దలు మళ్ళీ అదే మాట అనుకున్నారు: "చెప్పింది రాలేదు, చేసింది వచ్చింది."

ఆ రెండో పంతులు దగ్గర నూకాలు అనే పిల్ల చదివేది. వాళ్ళమ్మ పైడమ్మ మడుల్లో ఉప్పు తీసే కూలి. ఎండలో తెల్లటి ఉప్పు వైపు చూసి చూసి పైడమ్మ కళ్ళు పాడయ్యాయి. ఒక రోజు తల్లి కళ్ళు కడిగి, గుడ్డ కట్టి, నూకాలు బడికి ఆలస్యంగా వచ్చింది.

"ఏమే, ఇప్పుడా రావడం?" అన్నాడు పంతులు.

"మాయమ్మకి కల్లండి. ఎర్రగైపోనాయండి."

ఆ ఊళ్ళో 'ళ' ఎవరికీ పలకదు. చిన్నా పెద్దా అందరికీ 'ల' యే. పంతులుకు ఆ సంగతి తెలుసు.

"మీ అమ్మకు కల్లా! ఎంత తాగిందేమిటి? కుండెడా, ముంతెడా?"

బడంతా నవ్వింది. నవ్వకపోతే తమ వంతు వస్తుందని నవ్వు రానివాళ్ళు కూడా నవ్వారు. ఆ రోజు నుంచి నూకాలు పేరు కల్లుముంత. ఆ రోజు నుంచి నూకాలు నోరు తెరవలేదు. బడిలో తెరవలేదు, వీధిలో తెరవలేదు, ఇంట్లోనూ తెరవలేదు.

"ఏటైనాదే నూకా? ఒక్క మాట మాటాడవే," అని పైడమ్మ బతిమాలింది. వేపాకు పసరు పోసింది. తాయెత్తు కట్టించింది. అమ్మవారికి మొక్కుకుంది. పిల్ల మాట్లాడలేదు.

ఇటు తల్లి చూపు రోజురోజుకీ మందగిస్తోంది. మడుల మధ్య గట్లు ఒక మనిషి నడిచేంతే ఉంటాయి. కాలు జారి మడిలో పడిందా, అడుగున ఉన్న బురద లేచి పండిన ఉప్పు పాడవుతుంది. మేస్త్రీ ఆమెను పిలిచాడు.

"పైడమ్మా, నువ్వు నడిసిన కాడల్లా ఉప్పు మట్టైపోతంది. ఉప్పుతీతలు మొదలయ్యేనాటికి గట్టు మీద తిన్నగా నడిస్తే సరి. లేదంటే మడుల్లోకి రామాకు."

"నా కూతురు ముందర నడుస్తాది బావూ. అది 'ఇటమ్మా, అటమ్మా' అంటా ఉంటే నేను కల్లున్నదానిలాగే నడిసేత్తాను."

"నీ కూతురికి నోరేదే?" అన్నాడు మేస్త్రీ.

ఆ పని పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

అప్పుడే రెండో పంతులు ఎక్కువ జీతం ఇచ్చే ఊరికి వెళ్ళిపోయాడు. మూడో పంతులు వచ్చాడు. పేరు అచ్చన్న. బక్క మనిషి. చంకలో చిరుగుల గొడుగు. పెద్ద చదువు కూడా కాదు, పెద్ద బాలశిక్ష దాటలేదంటారు. ఊళ్ళోకి వస్తూ వస్తూనే గట్టు మీద జారి మడిలో కాలేశాడు. తెల్లటి ఉప్పులో బురద పైకి లేచింది. ఆయన బిగుసుకుపోయి అక్కడే నిలబడి "అయ్యో, అయ్యో" అంటున్నాడు.

పక్క గట్టు మీదున్న పైడమ్మకు ఆ కేక వినబడింది.

"ఎవులు బావూ?"

"కొత్త పంతుల్నమ్మా. మీ ఉప్పు పాడు చేశాను."

"కాలు పడితే పడినాది. అందులోనే నిలబడిపోతారేటి? నిలబడినకొద్దీ మట్టే. కాలు తీసి కడుక్కోండి పంతులుగోరూ!"

పంతులు కాలు తీశాడు. దులుపుకున్నాడు. గట్టెక్కాడు. దారి పొడుగునా ఆ మాటే తలుచుకుని నవ్వుకున్నాడు.

మర్నాడు బడిలో ఎక్కాలు చెప్పిస్తూ ఆయన "ఏడెనిమిదులు యాభైనాలుగు" అన్నాడు.

సన్యాసి అనే కుర్రాడు నోరు జారాడు. "యాభైయారండి!"

అనగానే చేతులు వెనక్కి దాచుకున్నాడు. మిగతా పిల్లలు తలలు దించుకున్నారు. బెత్తమో, వెక్కిరింతో, ఏదో ఒకటి పడుతుందని అందరికీ తెలుసు.

"అవునురా," అన్నాడు పంతులు. "తప్పులో కాలేశాను."

అని నిజంగానే కుడికాలు పైకెత్తాడు. బురద కారుతున్నట్టు దులిపాడు. పక్కన పెట్టాడు.

"తీశాను. ఏడెనిమిదులు యాభైయారు. ఊఁ, కానివ్వండి."

కావాలనే తప్పు చెప్పాడని కొందరంటారు. ఆయనకు ఆ ఎక్కం నిజంగానే రాదని కొందరంటారు. నాకు రెండు రకాలుగానూ చెప్పారు, రెండూ మీ ముందు పెట్టాను.

పిల్లలు మొదట బిత్తరపోయారు. తర్వాత నవ్వారు. తర్వాత వాళ్ళూ మొదలుపెట్టారు. అక్షరం తప్పితే కాలెత్తి దులిపి "తీశానండీ" అనడం, ఇసుక చదును చేసి మళ్ళీ రాయడం. తప్పంటే భయం పోయేసరికి ఎక్కాలు వచ్చాయి, గుణింతాలు వచ్చాయి. ఈసారి పెద్దలు అన్నారు: "చేసిందీ వచ్చింది, చెప్పిందీ వచ్చింది."

నూకాలు మాత్రం మూలన కూర్చునేది. మాట లేదు.

ఒక రోజు సన్యాసి "ఒలే కల్లుముంతా, జరుగు" అన్నాడు.

"ఆ పేరేమిట్రా?" అన్నాడు పంతులు.

"పాత పంతులుగోరు పెట్టినారండి." జరిగిందంతా చెప్పాడు.

పంతులు లేచి వెళ్ళి నూకాలు ఎదుట నిలబడ్డాడు.

"నూకాలమ్మా, పంతులు తప్పులో కాలేశాడమ్మా. ఆయన ఇప్పుడిక్కడ లేడు. ఆ కాలు కూడా నేనే తీస్తున్నాను."

కాలెత్తాడు. దులిపాడు. పక్కన పెట్టాడు. వెనక సన్యాసి కూడా కాలెత్తాడు. ఆ రోజు నవ్విన పిల్లలందరూ ఎత్తారు. బడి నిండా ఒంటికాళ్ళ కొంగలే.

నూకాలు తలెత్తి చూసింది. మాట్లాడలేదు.

ఉప్పుతీతలు మొదలయ్యాయి. గట్టు చివర మేస్త్రీ నిలబడ్డాడు. నూకాలు ముందు, దాని అడుగుల చప్పుడు వింటూ తల్లి వెనక. పైడమ్మ నెత్తిన గంప, రెండు చేతులూ గంప మీదే. మొదటి మలుపు దాటింది. రెండో మలుపు దాటింది. మూడో మలుపు దగ్గర నూకాలు వెనక్కి తిరిగి చూసేసరికి తల్లి కాలు గట్టు వదిలి మడి మీదకు వెళుతోంది.

"అమా! తప్పులో కాలేత్తన్నావు! కాలు తియ్యి!"

అన్నాళ్ళు వాడని గొంతు. బొంగురుగా వచ్చింది. పైడమ్మ ఒంటికాలి మీద ఆగిపోయింది. పడలేదు, ఎత్తిన కాలు మడిలోనూ పెట్టలేదు.

"తీసినానే తల్లీ," అంది. "ఇప్పుడెటు?"

"ఇటమ్మా."

మేస్త్రీ గంప దించుకోవడానికి ఎదురెళ్ళాడు.

నూకాలుకు 'ళ' పలికిందా అంటే, పలికింది. నాలుక మడతపెట్టడం పంతులే నేర్పాడు. నెల పట్టింది. ఆ నెలంతా ఇద్దరూ కాళ్ళెత్తుతూనే ఉన్నారు.

అచ్చన్న పంతులు ఆ ఊళ్ళోనే ముసలివాడై చనిపోయాడు. పిల్లలు లేరు. పాడె శిష్యులే మోశారు. గట్టు మీద నడుస్తుంటే ఒకడి కాలు మడిలో పడింది. వాడు అలవాటుకొద్దీ "తీశానండీ" అన్నాడు. ఏడుస్తున్న ఊరంతా నవ్వింది. అలా నవ్వుతూ, ఏడుస్తూ ఆయన్ని సాగనంపారు.

ఇప్పటికీ ఉప్పుమడిలో తప్పు చేసినవాళ్ళు కాలెత్తి దులుపుతారు. అత్తా దులుపుతుంది, కోడలూ దులుపుతుంది. కాలు తీశాక ఆ తప్పు మాట మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు. అది ఊరి కట్టుబాటు.

ఊళ్ళోకి కొత్త పంతులు వస్తే పెద్దలు ఏం చదివారని అడుగుతారు. పిల్లలు అడగరు. ఆయన మొదటి తప్పు దొర్లేదాకా ఊరుకుంటారు. దొర్లగానే బడిలో చప్పుడు ఆగిపోతుంది. పిల్లలందరూ ఆయన కాళ్ళ వంక చూస్తారు.