నయమై మానేసిన అమ్మాయి

"మన గదిలో ఏం జరుగుతుందో సర్కారుకెందుకు మేడమ్?" అని శ్రీకర్ అడిగాడు. కాకినాడలో ముప్ఫై ఏళ్ళుగా మనోవ్యాధులకు మాటలతో చికిత్స చేస్తున్న విశాలాక్షిగారి దగ్గర మేమిద్దరం పని నేర్చుకుంటున్న రోజులవి. కౌన్సెలింగ్ చేసేవాళ్ళంతా పేరు నమోదు చేయించుకోవాలనీ, వచ్చేవాళ్ళ పేర్లూ వివరాలూ అధికారులకు చూపాలనీ ప్రభుత్వం కొత్త ఉత్తర్వు తెచ్చింది. మాకు ఒళ్ళు మండింది. దాన్ని మొత్తంగా రద్దు చేయమని అర్జీ రాసి ఊళ్ళో తోటివాళ్ళందరి చేతా సంతకాలు పెట్టించాం. మొదటి సంతకం చోటు విశాలాక్షిగారికే ఉంచాం.

ఆవిడ వాదించే మనిషి కాదు. అర్జీ చదివి, "పేర్లు అడగడం మాత్రం అన్యాయమే," అని, కలం తీయకుండా బయట కూర్చున్నావిడను పిలిచారు. "ఈవిడ నిన్న వచ్చారు. నాకు చెప్పిందే మీకూ చెప్పమన్నాను."

ఆవిడ పేరు నూకరత్నం. ఇస్త్రీ బండి పెట్టుకుని బతుకుతుంది. శ్రీకర్‌ను ఎప్పుడూ చూడలేదు.

"మా అమ్మాయి దుర్గ ఒక్కతే ఇక్కడికి వచ్చేదండి. ఇక్కడ కుర్రడాక్టరుగారు పెద్దాసుపత్రిలో ఇచ్చిన మందులు మానెయ్యమన్నారంట. మానేసిందండి. మూడో వారం డాబా మీంచి దూకేసింది. ప్రాణం దక్కింది గానీ కాళ్ళు దక్కలేదండి."

శ్రీకర్ ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. దుర్గ రాకపోయేసరికి, నయమై మానేసిందని రిజిస్టర్లో రాసుకున్నాడతను. మా పనిలో అదొక దిక్కుమాలిన అలవాటు. చెప్పకుండా మానేసినవాళ్ళంతా మా లెక్కలో బాగుపడినవాళ్ళే. అతని మొదటి విజయమని ఆ రోజు కాజా తెచ్చి తినిపించింది నేనే.

"ఎవరికైనా చెప్పుకున్నారా అమ్మా?" అన్నారు విశాలాక్షిగారు.

"పోలీసులు మా పని కాదన్నారండి. డాక్టర్ల ఆఫీసులో, ఆయన డాక్టరే కాదు, మా లిస్టులో లేడన్నారు. మీ కౌన్సిలింగోళ్ళ సంఘంవాళ్ళు, మేం సలహాలిస్తాం గానీ ఎవర్నీ ఏమీ అనలేమన్నారు. ఎనిమిది నెలలు తిరిగేనండి. ఆయన మీద కోపం కాదండి. ఇంకో పిల్లకి అలా చెప్పకూడదని."

శ్రీకర్ లేచి నిలబడ్డాడు. "అది నేనేనమ్మా," అన్నాడు.

ఆవిడ తిట్టలేదు. అతన్ని ఎగాదిగా చూసి, "ఇంత చిన్నోడా," అంది. చెంప పగలగొట్టినా అంతకన్నా నయంగా ఉండేది.

ఆవిడ వెళ్ళిపోయాక శ్రీకర్ అర్జీ అందుకుని చింపబోయాడు. విశాలాక్షిగారు చెయ్యి పట్టుకుని ఆపారు.

"చింపకు. పేర్లు అడగొద్దనడం న్యాయమే కదా. మొత్తం రద్దన్న మాట కొట్టేసి, గోడు చెప్పుకోవడానికి ఆవిడ ఎనిమిది నెలలు వెతికిన గుమ్మం ఎక్కడుండాలో కూడా అందులో రాసి పట్టుకురా. అప్పుడు సంతకం పెడతాను."