మాది అన్న నీటిచుక్క

అనగనగా ఒక రాజు. ఆ రాజు పేరు గుండమరాజు, ఆయన ఏలే రాజ్యం నీలిపురం. మరీ గొప్ప రాజ్యమేమీ కాదు, కాలినడకన మూడు రోజుల్లో చుట్టి రావచ్చు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు గన్నమరాజు, మంచి బలశాలి. నడిపివాడు బొల్లమరాజు, మంచి తెలివైనవాడు. చిన్నవాడు ముమ్మడిరాజుకు బలమూ అంతంతే, తెలివీ అంతంతే. వాడికి దండిగా ఉన్నది మొండితనం ఒక్కటే. చిన్నప్పుడు చెరుకుగడ కొరుకుతూ పన్ను ఊడినా గడ వదల్లేదని దాది ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. "పట్టిన పట్టు విడవను" అనేది వాడి ఊతపదం.

ఒకరోజు సభలోకి ఒక మాంత్రికుడు వచ్చాడు. లోకంలో కలిసి ఉన్నవాటిని విడగొట్టడం తప్ప వాడికి ఇంకే విద్యా రాదు. అందుకే జనం వాణ్ణి విడుమంత్రగాడు అంటారు.

"రాజా, మీ తెల్లేరు నాకు నచ్చింది. నాకు ఇచ్చెయ్" అన్నాడు.

రాజు నవ్వాడు. "ఏరు ఒకరికి ఎలా ఇస్తామయ్యా? అది తాగేవాళ్ళందరిదీ."

"నాది కానిది ఎవరిదీ కాదు" అని మాంత్రికుడు కోటగోడ ఎక్కి మూడుసార్లు అరిచాడు. "విడు, విడు, విడు."

అంతే. తెల్లేరు గాలిలో కలిసిపోయింది. బావుల్లో నీళ్ళు పోయాయి, చెరువుల్లో నీళ్ళు పోయాయి, పొయ్యిమీద ఎసట్లో నీళ్ళు కూడా పోయి బియ్యం గలగలలాడాయి. తాగడానికి మిగిలింది కొబ్బరికాయల్లో నీళ్ళే. వాటి సంగతి మాంత్రికుడికి తట్టలేదు, ఎంత గొప్పవాడికైనా ఏదో ఒకటి మరుపు ఉంటుంది కదా. మంత్రులు లెక్కేసి, పొదుపుగా తాగితే నలభై రోజులకు సరిపోతాయన్నారు.

గన్నమరాజు నీళ్ళు తెస్తానని కత్తి పట్టుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. బొల్లమరాజు పుస్తకం పట్టుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. ముప్పై రోజులు గడిచాయి. ఆ రోజు రాణి తన వంతు కొబ్బరికాయ తెచ్చి ముమ్మడి చేతిలో పెట్టింది.

"నువ్వు తాగమ్మా."

"నేను తాగాను నాయనా."

ముమ్మడి తల్లి పెదవులు చూశాడు. పగిలి నెత్తురు చారలు కట్టాయి. వాడికి దుఃఖం ముంచుకొచ్చింది. ఆ కాయ తల్లి చేతిలోనే తిరిగి పెట్టి, "పది రోజుల్లో నీళ్ళతో వస్తాను. పట్టిన పట్టు విడవను" అని బయలుదేరాడు.

నడిచాడు, నడిచాడు, నడిచాడు. సముద్రం దగ్గరి పల్లెలో ఒక పిల్ల దుమ్ము లేచే చేలో అరక దున్నుతోంది. పేరు అన్నెమ. తల్లీతండ్రీ లేరు, సొంత సేద్యం.

"వాన లేదు, నీళ్ళు లేవు. ఎందుకమ్మా ఈ దుక్కి?" అన్నాడు ముమ్మడి.

"వాన వచ్చాక దున్నేవాడు రైతా బాబూ? ముందే దున్ని పెట్టుకోవాలి" అంది అన్నెమ.

నాకంటే మొండిది దొరికిందిరా అనుకున్నాడు ముమ్మడి. అరక వైపు చూస్తే ఒక ఎద్దు తెల్లది, ఒక ఎద్దు ఎర్రది. పొడుగులోనూ పొంతన లేదు.

"ఈ రెండూ జతలా లేవే?"

"తెల్లది నేను పెంచింది. ఎర్రది పక్కచేను పోతయ్య మావయ్య పెంచింది. ఇద్దరికీ ఒక్కోటే ఉంది. ఒంటెద్దుతో అరక సాగదు కదా, అందుకని పొత్తు పెట్టుకున్నాం. నేను ఆయనకు ఇచ్చిందీ లేదు, ఆయన నాకు ఇచ్చిందీ లేదు. రెండూ ఒకే కాడి కింద ఉంటాయి. నా చేలో నాకు జత ఉంది, ఆయన చేలో ఆయనకు జత ఉంది."

"ఇప్పుడు ఈ జత ఎవరిది మరి?"

"కాడి మెడమీద ఉండగా ఆ మాట అడగకూడదు బాబూ. పొత్తు చెడుతుంది."

ముమ్మడి తను వచ్చిన పని, ఏడు సముద్రాల అవతల ఉన్న మాంత్రికుడి దీవి చేరాలన్న సంగతి చెప్పాడు. అన్నెమ ఒక్క క్షణం ఆలోచించి, గట్టు మీది ముసలాయన్ని కేకేసింది. "పోతయ్య మావయ్యా, మన తెల్లెద్దు ఈయనతో సముద్రం దాటి వెళ్ళాలట. పంపమంటావా?"

"నీళ్ళు వస్తాయంటే పంపవే. మన ఎద్దుకు ఈత రాదా ఏం?" అన్నాడు పోతయ్య.

అప్పుడు తెల్లెద్దు నోరు విప్పింది. "ఈదుతాను గానీ, ఒంటరిగా నడిచే అలవాటు నాకు లేదబ్బాయీ. కాడి రెండోపక్క నువ్వు భుజం పెట్టు."

ముమ్మడి భుజం పెట్టాడు. ఒకపక్క ఎద్దు, ఒకపక్క రాజకుమారుడు. ఒక సముద్రం దాటారు, రెండు సముద్రాలు దాటారు, మూడు దాటారు. నాలుగోదానిలో భుజం ఒరుసుకుపోయింది. అయిదోదానిలో ఉప్పునీరు పుండులో పడి మండింది. ఆరోదానిలో ఎద్దు, "కాసేపు కాడి దించుదామా?" అని అడిగింది. "దించితే ఇద్దరం మునుగుతాం. పట్టిన పట్టు విడవను" అన్నాడు ముమ్మడి. ఏడోది దాటేసరికి ఎదురుగా మాంత్రికుడి దీవి కనిపించింది.

ఆ దీవిలో జతగా ఉన్నదేదీ లేదు. వాకిట్లో ఒకే చెప్పు ఉంది. గుమ్మానికి ఒకే రెక్క. రోలుంది, రోకలి లేదు. ఒడ్డున రెండు బండలమీద గన్నమరాజు, బొల్లమరాజు వీపులు తిప్పుకుని కూర్చుని ఉన్నారు. ఎవరి గులకరాళ్ళ కుప్ప వాళ్ళు కావలించుకుని "నాది, నాది" అంటున్నారు. అన్నా అని పిలిస్తే ఇద్దరిలో ఒక్కరూ తల తిప్పలేదు. ముమ్మడి కళ్ళు తుడుచుకుని ఎద్దుతోపాటు లోపలికి నడిచాడు.

మాంత్రికుడు పంజరం పక్కన కూర్చుని ఉన్నాడు. పంజరంలో ఒక ముసలి చిలక.

"మూడు పనులు చేస్తే నా మంత్రం వెనక్కి తీసుకుంటాను. చెయ్యలేకపోతే నీకూ ఒక బండ ఉంది" అంటూ ముమ్మడి కళ్ళకు అంజనం రాశాడు.

ఆ అంజనంతో చూస్తే గాలి నిండా చిన్న చిన్న మనుషులు. వాళ్ళే తెల్లేరును విడగొడితే మిగిలినవాళ్ళు. సన్నవాళ్ళు ఉదజనులు, లావువాళ్ళు ప్రాణవాయువులు. ఒక్కొక్కరికీ నడుమ ఒక గట్టి గింజ, చుట్టూ గిరగిర తిరిగే మెరుపుపూసలు. మీ బడిలో ఉదజనిని హైడ్రోజన్ అనీ, ప్రాణవాయువును ఆక్సిజన్ అనీ, ఈ పూసల్ని ఎలక్ట్రాన్లు అనీ అంటారట. అనండి, నాకేం అభ్యంతరం లేదు. మన కథలో మాత్రం అవి మెరుపుపూసలే.

"మొదటి పని. ఈ ఇద్దరు ఉదజనుల్ని కలుపు. మీ పెద్దన్న ఒకడి పూస లాగి రెండోవాడికి ఇచ్చాడు, లాక్కోబడ్డవాడు ఏడ్చాడు. మీ నడిపన్న పూసల్ని చెరిసగం కోద్దామన్నాడు. మెరుపు తెగుతుందా? చేతులు కాలాయి" అన్నాడు మాంత్రికుడు.

"మా ఒంటి మీద ఒకే పూస ఉంది. రెండుంటే గానీ మాకు నెమ్మది ఉండదు" అన్నారు ఉదజనులు దిగులుగా.

ముమ్మడికి తెల్లెద్దూ ఎర్రెద్దూ కళ్ళముందు కదిలాయి. "ఎవరికీ ఇవ్వొద్దు, ఎవరిదీ లాక్కోవద్దు. రెండు పూసలూ మీ ఇద్దరి మధ్యా పెట్టండి, ఇద్దరి చుట్టూ తిరగనివ్వండి. నువ్వు లెక్కపెట్టుకుంటే రెండు, వాడు లెక్కపెట్టుకుంటే రెండు."

వాళ్ళు భయపడుతూనే దగ్గరికి వచ్చారు. మరీ దగ్గరైతే గింజలు ఒకదాన్నొకటి తోసుకున్నాయి, మరీ దూరమైతే పూసలు అందలేదు. జరిగి జరిగి సరైన ఎడంలో కుదురుకున్నారు. అన్నాళ్ళూ పడిన ఆరాటమంతా వెచ్చటి ఆవిరిలా వాళ్ళనుంచి బయటికి పోయింది.

మాంత్రికుడు వంగి, "ఆ జత ఎవరిది?" అని అడిగాడు.

"మనది" అన్నారు ఉదజనులు సంబరంగా.

"మనది అంటే నేనూ ఉన్నట్టేగా. ఏదీ నా వాటా?" అని మాంత్రికుడు చెయ్యి పెట్టి లాగాడు. ఇద్దరూ చెరోమూలా పడ్డారు.

ముమ్మడి ముఖం పాలిపోయింది. ఎద్దు నెమరు ఆపి, "అబ్బాయీ, అన్నెమ పోతయ్యతో ఏమంటుంది?" అని అడిగింది.

"మన ఎద్దు అంటుంది."

"సంతలో బేరగాడు ఈ ఎద్దు ఎవరిదని అడిగితే?"

ముమ్మడి నుదురు కొట్టుకున్నాడు. "మా ఎద్దు అంటుంది. మీలో మీరు మనది అనుకోండర్రా, పైవాడికి మాది అని చెప్పండి. ఇంకొక్కసారి చేస్తాను, పట్టిన పట్టు విడవను."

మాంత్రికుడు ఒప్పుకున్నాడు. ఎందుకు ఒప్పుకున్నాడో ముమ్మడికి అంతుపట్టలేదు గానీ, వాడు పంజరం వైపు దొంగచూపు చూడటం మాత్రం గమనించాడు.

ఉదజనులు మళ్ళీ కలిశారు. "ఎవరిది?" అంటే "మాది" అన్నారు. "విడు, విడు, విడు" అని మాంత్రికుడు అరిచాడు. జత వణికింది, ఊగింది, నిలిచింది. మాంత్రికుడికి దగ్గొచ్చింది. నాది నాది అని బెదిరి చేతులు ముడుచుకునేవాళ్ళ మీదే వాడి మంత్రం పారుతుంది మరి.

రెండో పని ఇద్దరు ప్రాణవాయువుల్ని కలపడం. వాళ్ళ పైవరసలో ఆరేసి పూసలున్నాయి, ఎనిమిదైతే గానీ నిండదు. చెరొకటి మధ్యలో పెడితే లెక్కకు ఏడే వచ్చాయి. "ఇక చాలదా?" అని గునిశారు. "చాలదు, ఇంకొక్కటి పెట్టండి" అన్నాడు ముమ్మడి. చెరి రెండూ మధ్యకు వచ్చాయి. విడిగా ఉన్నవి నాలుగు, పొత్తులోవి నాలుగు, ఎవరు లెక్కపెట్టినా ఎనిమిది. జంట కాడి పడింది వాళ్ళ మధ్య. మాంత్రికుడు అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది.

"మూడో పని" అన్నాడు రొప్పుతూ. "ఒక్క నీటిచుక్క చెయ్యి. పొద్దు వాలేలోగా."

ముమ్మడి మరొక ప్రాణవాయువును పిలిచాడు, అటొక ఉదజనిని ఇటొక ఉదజనిని నిలబెట్టాడు. లావువాడు ఒక పూస అటు పెట్టాడు, ఒక పూస ఇటు పెట్టాడు. సన్నవాళ్ళు చెరొకటి పెట్టారు. వాడికి ఎనిమిది నిండాయి, వీళ్ళకు రెండేసి నిండాయి. లావువాడు పూసల్ని కొంచెం తనవైపే లాక్కున్నాడనుకోండి. ఏ పొత్తులోనైనా పెద్దరైతు వైపు కాడి కాస్త వాలుతుంది, అంతమాత్రాన పొత్తు చెడదు. వాళ్ళను చూసి పక్కవాళ్ళూ, వాళ్ళను చూసి ఆ పక్కవాళ్ళూ కుదురుకోసాగారు. టప్పున చిన్న మెరుపు మెరిసింది. ముమ్మడి నేలమీంచి తీసి పట్టుకున్న ఒంటి కొబ్బరిచిప్పలో ఒక చుక్క నిలిచింది.

అదే క్షణంలో చిలక పంజరంలోని పుల్ల మీంచి కిందికి జారింది. దానితోపాటే మాంత్రికుడి మెడ వాలింది.

"చూశావా అబ్బాయీ, వీడి ప్రాణం ఆ చిలకలో ఉంది. నదిని విడగొట్టిన అరుపుకు వీడి కుండలో నీళ్ళు కూడా పోయినట్టున్నాయి. చిలకకు దాహం, అందుకే నీచేత చుక్క చేయించాడు. మెడ నులిమితే పీడ వదులుతుంది" అంది ఎద్దు.

"వీడు పోతే మంత్రం వెనక్కి తీసుకునేదెవరు? మా అమ్మకు నీళ్ళు కావాలి, వీడి చావు కాదు" అన్నాడు ముమ్మడి.

మాంత్రికుడు పాకుతూ వచ్చి చిప్ప అందుకున్నాడు. "నాది" అన్నాడు. అనగానే చుక్కలో సగం గాలిలోకి ఎగిరిపోయింది.

"నీ మాటే నీకు అడ్డం వస్తోంది. నెమ్మదిగా ఆలోచించి చెప్పు. ఈ చుక్క ఎవరిది?" అని అడిగాడు ముమ్మడి.

"మీది."

"మాదైతే మేమే తాగుతాం."

చిలక కళ్ళు మూతపడుతున్నాయి. మాంత్రికుడు చిలకను చూశాడు, చుక్కను చూశాడు, ముమ్మడి భుజం మీది పుండును చూశాడు. నూరేళ్ళ బతుకులో వాడి నాలుక ఆ మాట పలకలేదు. "మ..." అన్నాడు. "మన..." అన్నాడు. ముమ్మడి చిప్ప వదలకుండా పట్టుకుని ఎదురుచూశాడు.

"మనది" అన్నాడు మాంత్రికుడు, ఏడుస్తూ.

ముమ్మడి పంజరం తలుపు తీసి ఆ చుక్కను చిలక ముక్కులో పోశాడు. చిలక రెక్కలు విదిల్చి ఎగిరిపోయింది. వాడి ప్రాణం వాడి గుండెలోకి వచ్చి చేరింది, మంత్రం మాత్రం ఎటు పోయిందో పోయింది. అక్కడ మిగిలింది ఒక మామూలు ముసలాయన. బయట బండలమీద అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకుని, "తమ్ముడూ", "అన్నా" అంటూ కావలించుకున్నారు. ఏడు సముద్రాల మీదుగా ఉరుము వినబడింది.

ముమ్మడి అన్నలతో, ఎద్దుతో, ఆ ముసలాయనతో పదో రోజున నీలిపురం చేరేసరికి తెల్లేరు ఒడ్డులు ఒరుసుకుని పారుతోంది. రాణి చెంబెడు నీళ్ళు ముంచి కొడుక్కి ఇచ్చింది. "ముందు నువ్వు తాగమ్మా, నేను చూస్తాను" అన్నాడు ముమ్మడి. ఆవిడ గటగటా తాగింది. వాడు అక్కడే కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తర్వాత అన్నెమను పెళ్ళి చేసుకుంటానని కబురు పెట్టాడు. "దుక్కి అయ్యాక చూద్దాం" అని ఆమె కబురు పంపింది. దుక్కి అయింది, విత్తనం పడింది, అప్పుడు పెళ్ళీ అయింది. అన్నల ఇష్టంతోనే ముమ్మడీ అన్నెమా కలిసి అరవై ఏళ్ళు ఏలారు. పోట్లాడుకోలేదా అంటే పోట్లాడుకున్నారు, విడిపోలేదు.

ఇక కథ తెల్లేటి వెంట దాని దారిన అది పోయింది. మీరు ఇన్ని మంచినీళ్ళు తాగి వెళ్ళి ఆడుకోండి. ఆ గ్లాసులో లెక్కలేనంతమంది ముగ్గురేసి చొప్పున ఒకే కాడి కింద ఉంటారు. ఎవరిదని మాత్రం వాళ్ళను అడక్కండి.