ఎడమ అరికాలు

మూడేళ్లలో ప్రసూన పదకొండు పసిబొమ్మలు చేసింది. పదకొండింటిలో ఒక్కదాని అరికాలి మీదా ఆమె పేరు లేదు.

పైడమ్మ ఇంట్లో పద్ధతి అలాంటిది. అక్కడ తయారయ్యేవి పుట్టి పదిరోజులైన బిడ్డల్లా కనిపించే బొమ్మలు. బొమ్మ పూర్తయ్యాక చేసినవాళ్లు దాని ఎడమ అరికాలి మీద సన్నటి కుంచెతో తమ పేరు రాసుకోవాలి. కానీ రాసుకోమని పైడమ్మ నోటితో చెప్పాలి. చెప్పకపోతే అరికాలు ఖాళీగా ఉండిపోతుంది. బొమ్మ అలాగే వెళ్లిపోతుంది.

పైడమ్మ విజయనగరంలో ఒక కాన్పుల ఆసుపత్రిలో ముప్పై ఒక్క ఏళ్లు ఆయాగా పనిచేసింది. నర్సింగు చదివే పిల్లలు స్నానం పోయడం నేర్చుకునే బొమ్మలు చిరిగిపోతే కుట్టి ఇచ్చేది. కుట్టీ కుట్టీ విసుగొచ్చి, ఇంతకన్నా నేనే నయంగా చేస్తాననుకుంది. చేసింది కూడా. రిటైరయ్యాక ఇంటి ముందుగదిలో ఒక బల్ల, చిన్న ఓవెన్, రంగుల సీసాలు పెట్టుకుంది. నర్సింగు స్కూళ్లకీ, చంటిబిడ్డని షూటింగుకి తీసుకురాలేని సినిమావాళ్లకీ ఆమె బొమ్మలే వెళ్లేవి. చదువు మాత్రం ఐదో తరగతి.

పని నేర్చుకోవడానికి రాజమండ్రి నుంచి వచ్చిన ప్రసూనది ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ. అందులో బంగారు పతకం. ఈ సంగతి పైడమ్మ అడగలేదు. ప్రసూనే మొదటిరోజు చెప్పింది. విన్నదో లేదోనని రెండోరోజు మళ్లీ చెప్పింది.

పదకొండో బొమ్మకి నాలుగు నెలలు పట్టింది. పోతపోసిన తల, చేతులు, కాళ్లు మొదట పాలిపోయిన తెలుపులో ఉంటాయి. వాటికి నీళ్లంత పల్చటి రంగు ఒక పూత వేసి ఓవెన్‌లో వేడిచేయాలి. చల్లారాక ఇంకో పూత. ప్రసూన ఇరవై ఆరు పూతలు వేసింది. కణతల దగ్గర నీలి నరాలు గీసింది. మోకాళ్లకి ఎరుపు అద్దింది. ఒక్కొక్క వెంట్రుకే సూదితో గుచ్చుతూ తలంతా జుట్టు నాటింది. రెండు కనుబొమలూ స్కేలు పెట్టి కొలిచింది. వెంట్రుకవాసి తేడా లేదు.

పేరు రాసుకోవడానికి గోధుమరంగు ముందే కలిపి పెట్టుకుని, బొమ్మని తీసుకెళ్లి పైడమ్మ ముందు పెట్టింది.

పైడమ్మ కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.

"బొమ్మ బాగుందమ్మా," అంది. దాన్ని ఒక కాలు పట్టుకుని ఎత్తి, తీసుకెళ్లి అల్మరాలో పెట్టేసింది.

కలిపిన రంగు గిన్నెలోనే ఎండిపోయింది. పదకొండుసార్లూ అంతే.

ఈసారి ప్రసూన ఊరుకోలేకపోయింది.

"ఏం తక్కువైందో చెప్పండమ్మా. చెప్తే దిద్దుకుంటాను. పదకొండూ బాగున్నాయనే అన్నారు. ఒక్కదానికీ పేరు రాసుకోమనలేదు."

"బాగున్నాయి గాబట్టి బాగున్నాయన్నాను."

"రాజమండ్రిలో నా గది మూడేళ్ల నుంచీ తాళం వేసి ఉంది. వెళ్లి సొంతంగా పని మొదలుపెట్టుకోవచ్చు. ఎవరూ అడ్డుపడరు. కానీ నా పేరున్న ఒక్క బొమ్మ చేతిలో లేకుండా ఈ ఊరు వదలను. పన్నెండోది కాకపోతే పదమూడోది, అదీ కాకపోతే ముప్పయ్యోది."

చెప్తున్నంతసేపూ కళ్లు దించలేదు. పైడమ్మకి ఆ పిల్ల మొండితనం మొదటినుంచీ ఇష్టమే. పైకి మాత్రం ఎప్పుడూ అనలేదు.

"రేపు పొద్దున్నే బేగి రా," అంది. "తడిసినా పరవానేదు, అలాటి సీర కట్టుకో."

రంగుల సీసాల పక్కన ఒక పాత రేకుడబ్బీ ఉండేది. అందులో కాటుక. చేరిన కొత్తలో ప్రసూన బొమ్మ కనురెప్పలకి పనికొస్తుందని దాన్ని తీయబోతే పైడమ్మ ఆ చేతిమీద మెల్లగా ఒకటి వేసింది. "అది బొమ్మలకి కాదు," అంది. ప్రసూన మళ్లీ దాని జోలికి పోలేదు.

మర్నాడు పొద్దున్న పైడమ్మ ఆ డబ్బీనే బొడ్లో దోపుకుని బయల్దేరింది. రెండిళ్ల అవతల సంతోషి అనే అమ్మాయికి పన్నెండు రోజుల కూతురు. ఆ పసిదానికి రోజూ నీళ్లు పోసేది పైడమ్మే. ప్రసూనకి సంగతి అర్థమై హుషారొచ్చింది. అసలు బిడ్డని చూసి గీసుకోమంటోంది కాబోలు! సంచిలో నోటుపుస్తకం, పెన్సిళ్లు, టేపు వేసుకుంది.

సంతోషి ఇంటి గుమ్మంలోనే పైడమ్మ ఆ సంచి తీసుకుని పైన గూట్లో పెట్టేసింది.

"ఇయ్యి ఇక్కడుంటాయి. నువ్వు సేతులు మటుకు తెచ్చుకో."

పెరట్లో పీట వేసి ఉంది. కాగులో నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి.

"కాళ్లు సాపుకుని కూకో," అంది పైడమ్మ.

"నేనా? నాకు రాదమ్మా. పడేస్తాను."

"పడెయ్యవు. నానున్నాను."

ప్రసూన కూర్చుంది. బొమ్మల్ని పట్టుకున్నట్టే రెండు చేతులతో బిడ్డ పక్కటెముకల దగ్గర పట్టుకుని ఎత్తింది. మూడేళ్లుగా ఆ చేతులకి వచ్చిన పట్టు అదొక్కటే. బిడ్డ తల గభాలున వెనక్కి వాలిపోయింది.

 ప్రసూనకి ఏం చెయ్యాలో తోచేలోగా పైడమ్మ అరచెయ్యి మెడ కింద ఉంది. బిడ్డ గుక్కపెట్టి ఏడ్చింది. సంతోషి లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది.

"ఏటైంది పిన్నీ?"

"ఏటీ నేదు. కొత్త సెయ్యి గదా, తెలిసిపోనాది దానికి."

ఆ రోజు మిగతా స్నానం పైడమ్మే పోసింది. నూనె రాసి, సెనగపిండితో రుద్ది, నీళ్లు పోసి, తుడిచి, సాంబ్రాణి పొగ చూపించింది. చివర రేకుడబ్బీ మూత తీసి ఉంగరం వేలితో బిడ్డ బుగ్గమీద ఒక చుక్క, ఎడమ అరికాలి మీద ఒక చుక్క పెట్టింది. ప్రసూన గోడవారగా నిలబడి చూసింది. సిగ్గుతో చచ్చిపోయింది పాపం. రేపటినుంచి రావద్దంటారని అనుకుంది.

పైడమ్మ సంచి చేతికిస్తూ, "రేపొద్దున్న ఇదే టైముకి," అంది.

ప్రసూన వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. వంగి వంగి నడుము పట్టేసిన రోజు కూడా వచ్చింది. మూడోరోజు నుంచి సంచి తేవడం మానేసింది. పైడమ్మ ఏమీ నేర్పలేదు. పక్కన చెంబుతో నీళ్లు అందిస్తూ కూర్చునేది, అంతే. బిడ్డ బరువంతా తలలోనే ఉంటుందని ప్రసూన చేతులే కనిపెట్టాయి. ఎత్తుకునేటప్పుడు పిడికిలి విప్పబోతే ఇంకా గట్టిగా మూసుకుంటుందని, ఎప్పుడూ ఒకవైపే పడుకోవడంతో ఒక చెవి అంచు మడత పడిందని, మణికట్టు దగ్గర పొట్టు రేగుతోందని కూడా వాటికే తెలిసింది. మొదట్లో బిడ్డ ఏడిస్తే ఆమెకీ ఏడుపొచ్చేది. తర్వాత్తర్వాత ఆ ఏడుపులో ఆకలేదో చలేదో తెలియడం మొదలైంది.

పద్దెనిమిదో రోజున సంతోషి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఈయాల ఏడవలేదేటక్కా ఇది?" అంది.

ప్రసూన కిందికి చూసింది. ఒంటిమీద నీళ్లు పడుతున్నా బిడ్డ ఆమె కాళ్లమీద నిద్రపోతోంది.

నెల తిరిగాక పైడమ్మ ఇంక చాలంది. ప్రసూన పన్నెండో బొమ్మ మొదలుపెట్టింది.

నోటుపుస్తకం తెరవలేదు. స్కేలు ముట్టుకోలేదు. పూతలు తొమ్మిదితో ఆపేసింది. కానీ ఇసుక దగ్గర మాత్రం పంతం పట్టింది. బొమ్మ ఒళ్లు బట్టది; లోపల బరువుకి సన్నటి ఇసుక పోసి మెడ దగ్గర కుట్టేస్తారు. తలలో ఎంత పోసినా ఆమె చేతికి అది తప్పుగానే తగిలింది. కుట్లు విప్పి, ఇసుక కొంచెం తీసి, మళ్లీ కుట్టి, కళ్లు మూసుకుని ఎత్తి చూసుకునేది. కాదు. మళ్లీ విప్పేది. ఏడుసార్లు విప్పింది. మెడ బట్ట నలిగిపోతే అది పారేసి కొత్త బట్ట కుట్టింది. ఎనిమిదోసారి ఎత్తినప్పుడు చాలాసేపు దించలేదు.

పూర్తయిన రోజున దాన్ని వెలుతురులో పెట్టి చూసుకుంటే భయమేసింది. ఒక చెవి మడత పడి ఉంది. కనుబొమలు రెండూ ఒకలా లేవు. కంటి పక్కన పసిబిడ్డ తన గోటితో తనే గీరుకున్నట్టు ఒక చార. మణికట్టు దగ్గర పొట్టు. బంగారు పతకం ఇచ్చినవాళ్లు చూస్తే ఆ పతకం వెనక్కి అడుగుతారు. పన్నెండోదీ పోయినట్టేననుకుంది. పోతే పదమూడోది. అలవాటు ప్రకారం గోధుమరంగు కలుపుకుంది. కుంచె తీసుకుంది.

పైడమ్మ ముందుగదిలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. ప్రసూన తెచ్చినదాన్ని బల్లమీద పెట్టింది.

పైడమ్మ చేట పక్కన పెట్టింది. ఈసారి కళ్లద్దాలు సర్దుకోలేదు. వంగింది. కుడిచెయ్యి మెడ కిందికి వెళ్లింది. ఎడమచెయ్యి పిర్రల కిందికి వెళ్లింది. ఎత్తి భుజాన వేసుకుని వీపు మీద రెండుసార్లు తట్టింది.

తట్టాక ఆగింది. తన చేతివంక తనే చూసుకుంది.



భుజాన ఉన్నదాన్ని అలాగే ఒక చేత్తో పొదివి పట్టుకుని, పైడమ్మ రెండో చేత్తో రంగుల సీసాల పక్కన తడిమింది. రేకుడబ్బీ దొరికింది. బల్లమీద పెట్టి బొటనవేలితో మూత తీసింది. ఉంగరం వేలు కాటుకలో అద్ది ఎడమ అరికాలి మీద చుక్క పెట్టింది.

ఆ డబ్బీ బొమ్మలకి కాదని చేరిన కొత్తలో విన్న మాట ప్రసూనకి గుర్తొచ్చింది.  

"ఇంక రాసుకో నీ పేరు," అంది పైడమ్మ.

మూడేళ్లు ఎదురుచూసిన మాట. ప్రసూన కుంచె రంగులో ముంచింది. ఆ చిన్న పాదాన్ని వేళ్ల మధ్య పట్టుకుంది. అరికాలు నడిమధ్యన నల్లటి చుక్క ఇంకా తడిగా ఉంది. పేరు రాయాలంటే ముందు దాన్ని తుడవాలి.

 ప్రసూన పాదం వదిలేసి, కిటికీ దగ్గరికి వెళ్లి, చెంబులో నీళ్లతో కుంచె కడిగేసింది. వేళ్లతో మొన సాపుచేసి మిగతా కుంచెల మధ్య నిలబెట్టింది.

"రాజమండ్రి ఎప్పుడెల్తావు?" అంది పైడమ్మ.

"రేపు పొద్దున్న బండికమ్మా."

పైడమ్మ తలూపింది. భుజం మీదనుంచి దించి ప్రసూన చేతుల్లోకి అందించింది.

"మెడ జాగర్త," అంది.