ఏసోబు ఎడంకాలు

ఒట్టేసి చెప్పినా, దీపమార్పి చెప్పినా, ఇది మీరు నమ్మరు. నమ్మకపోతే పోనీండి, వినడానికేం, వినండి.

చిలకలూరిపేట లారీ అడ్డాలో బాజీ మేస్త్రి అని ఒకాయన. డెబ్బై ఏళ్ళ మనిషి. బానెట్టు మీద చెయ్యేస్తే చాలు, ఆ బండికి నిన్న ఏ ఊరి బంకులో డీజిలు పోశారో చెప్పేవాడు. పోసినోడి పేరు కూడా చెప్పేవాడు. ఘాట్ రోడ్డులో ఆయన హారన్ కొడితే ఎదురొచ్చే బస్సులే కాదు, మలుపులు కూడా పక్కకి జరిగేవి. అంతటోడికి ఒకటే జబ్బు. ఏదన్నా అడిగితే తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోడు. ఎవడో వచ్చి, "గురువుగారూ, నా బండికి బ్రేకులు ఎందుకు పట్టట్లా?" అనడిగితే, వాడి చెప్పులు తీయించి మిట్టమధ్యాన్నం తారురోడ్డు మీద నడిపించాడు. వాడు గంతులేసుకుంటా తిరిగొచ్చి, "అర్థమైందండీ, బ్రేకుకి చెప్పుల్లాంటి లైనర్లు అరిగినయ్యి," అన్నాడు. అదీ ఆయన చెప్పే తీరు.

ఆయన కింద పని నేర్చుకున్నోళ్ళు నూటపాతిక మంది ఉంటారు. అందరిలోకీ ఏసోబంటే ఆయనకి ప్రాణం. పైకి మాత్రం చెప్పడు. మిగతా వాళ్ళని పనుంటే తిడతాడు, ఏసోబుని పనిలేకపోయినా తిడతాడు. అదే గుర్తు.

ఏసోబుకి నలభై మూడేళ్ళు. ఇరవై రెండేళ్ళు లారీ తోలాడు. రాళ్ళు తోలాడు, సిమెంటు తోలాడు, గుంటూరు యార్డుకి మిరప టిక్కీలు, అదే మిరపకాయల బస్తాలు, తోలాడు. ఒక లోడు దించితే ఇంకో లోడు ఎక్కుద్ది. లోడు లేని బండి ఎట్టా పోద్దో చూడాలని వాడికి ఒకటే ఆశ. జన్మలో ఒక్కసారన్నా వీపు మీద బరువు లేకుండా రోడ్డు మీద పోవాలని. ఆ ఆశ దేవుడికి వినపడిందో ఏమో, రాళ్ళ క్వారీ రంగబాబుగారు కొత్త స్పోర్ట్స్ కారు కొన్నాడు. పండుమిరప రంగు, రెండే సీట్లు, మనిషి మోకాలెత్తు. అందులోకి ఎక్కడం కాదు, దిగాలి, బావిలోకి దిగినట్టు. కొన్నాడు గానీ బాబుగారి మోకాల్లో స్టీలు రాడ్డుంది, డాక్టరు స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు. ఆయన ఏసోబుని పిలిపించాడు.

"ఏసోబూ, నీ చేతి నెమ్మది నాకు తెలుసు. బండి తోలడానికి నీకే ఇస్తా. కానీ ఇది సున్నా నుంచి వంద స్పీడుకి నాలుగు సెకన్లలో పోద్దని కొనేటప్పుడు చెప్పారు. ఆదివారం పొద్దున పదింటికి పాత రన్‌వే దగ్గరికి నేనొస్తా. నాలుగు సెకన్లు చూపించు, బండి నీది. చూపించలేకపోతే హైదరాబాదు నుంచి డ్రైవర్ని తెచ్చుకుంటా. ఏమనుకోబాక."

ఆ మాటతో ఏసోబుకి అన్నం సహించలా.

అట్టా ఎగిరిపోడానికి ఆ బండిలో ఒక విద్యుంది. లాంచ్ కంట్రోల్ అంటారు. ఎడంకాలితో బ్రేకు అదిమిపట్టాలి. కుడికాలితో యాక్సిలరేటరు అడుగంటా తొక్కాలి. కట్టేసిన కోడెగిత్త మాదిరి ఇంజను రంకెలేస్తా నిలబడుద్ది. అద్దం కింద తెర మీద "సిద్ధం" అన్నట్టు ఒక దీపం వెలుగుద్ది. అప్పుడు బ్రేకు మీంచి కాలు తటాలున తీసెయ్యాలి. తీస్తే బాణం. మెల్లగా తీస్తే మాత్రం, ఈ పెద్దమనిషి మనసు మార్చుకున్నాడనుకుని బండి ఆ దీపం ఆర్పేసి, పెళ్ళివారి కారులాగా మర్యాదగా కదులుద్ది.

వినుకొండ దారిలో ఉంది ఆ రన్‌వే, రెండో ప్రపంచయుద్ధం నాటిది. విమానాలు పోయి కంపచెట్లు మిగిలినయ్యి. శనివారం అక్కడికి పోదామంటే దారిలో స్పీడ్‌బ్రేకర్లకి కారు పొట్ట గీసుకుంటంది. బాజీ మేస్త్రి దాన్ని ఎత్తి తన లారీలో పెట్టించి, లోడు కట్టే మోకుతో బిగదీసి కట్టాడు. లారీ ఎక్కిన ఆ కొత్త కారుని చూసి దారెంట జనం, "పాపం, అప్పుడే చెడిపోయిందా," అని జాలిపడ్డారు.

శనివారం ఆరుసార్లు, ఆదివారం పొద్దున్నే అయిదుసార్లు పోనిచ్చాడు ఏసోబు. పక్క సీట్లో గురువుగారు, చేతిలో ఫోనులో గడియారం. ఒకసారి తొమ్మిది సెకన్లు, ఒకసారి ఎనిమిది, బాగా తొక్కితే ఏడు. ప్రతిసారీ "సిద్ధం" దీపం వెలుగుద్ది, ఏసోబు కాలు తీస్తాడు, దీపం ఆరిపోద్ది. ఇంజను చల్లారేదాకా ఫ్లాస్కులో టీ తాగడం, మళ్ళీ ఎక్కడం.

"గాలి ఎదురుగా ఉందండీ," అన్నాడు ఏసోబు.

"ఆకు కదలట్లేదు గదరా."

"పూజకి తొక్కించిన నిమ్మకాయల రసం టైర్లకి అంటుకుని జారతందేమో."

"తొక్కించి వారమైంది. ఈపాటికి ఊరగాయ అయ్యుంటది. ఇంకేమన్నా ఉందా?"

ఇంకేం లేదు. తొమ్మిదిన్నర అయింది. బాబుగారు దారిలో ఉన్నానని ఫోన్ చేశాడు. ఏసోబు కారు దిగి, గురువుగారి ముందు గొంతుక్కూర్చున్నాడు. కళ్ళల్లో నీళ్ళు ఒక్కటే తక్కువ.

"బండిలో తప్పు లేదు గురువుగారూ. పుస్తకంలో చెప్పినట్టే చేస్తన్నా. మరి నా తప్పెక్కడుంది?"

గురువుగారు లారీలోంచి మోకు లాక్కొచ్చి, ఒక కొస ఏసోబు చేతిలో పెట్టాడు. రెండో కొస తను పట్టుకుని పదడుగుల దూరం పోయి వెనక్కి వాలాడు. "నువ్వూ వాలు. నేను 'ఊ' అనంగానే నీ కొస వదిలెయ్యి," అన్నాడు.

ఏసోబు వాలాడు. మోకు తీగలాగా బిగుసుకుంది. గురువుగారు 'ఊ' అన్నాడు. ఏసోబు వదిలాడు గానీ, ఎట్టా వదిలాడు? బెత్తెడు బెత్తెడు జార్చుకుంటా, రెండడుగులు ముందుకు నడిచి మరీ వదిలాడు. ముసలాయన దూదిమూట మాదిరి మెత్తగా నేల మీద కూర్చున్నాడు.

"వదలమంటే దించుతావేందిరా? నేనేమన్నా మిరప టిక్కీనా?"

మళ్ళీ పట్టారు. మళ్ళీ అంతే. మూడోసారీ అంతే. ఏసోబు మోకు కింద పడేశాడు.

"నా వల్ల కాదండీ. ఠక్కున వదిలితే మీరు వెల్లకిలా పడతారు. ఈ వయసులో నడుం విరిగితే ఎవరు జవాబు?"

"నడుం నాది. నీకేందిరా నొప్పి?"

"అదేం మాటండీ," అని తల దించుకున్నాడు ఏసోబు.

బాజీ మేస్త్రి తిట్టలా. తిట్టకపోయేసరికి ఏసోబుకి భయమేసింది. గురువుగారు వంగి మోకు తీసి చేతికి ఒక మెలిక వేసుకున్నాడు, మళ్ళీ ఎందుకో ఆ మెలిక విప్పేశాడు.

"ఈసారి వదిలేది నేను. నీ బలమంతా పెట్టి లాగు. ముసలోడని జాలిపడ్డావంటే తంతా."

ఏసోబు లాగాడు. ఇరవై రెండేళ్ళు లారీ స్టీరింగు తిప్పిన చేతులవి, ఆ లాగుడికి కంపచెట్లు కూడా ఇటు వంగినయ్యి. గురువుగారి కాళ్ళు నేల మీద జరజరా జరుగుతున్నయ్యి. జరిగి జరిగి, ఉన్నట్టుండి రెండు చేతులూ విప్పేశాడు.

యుద్ధం అయిపోయాక ఆ రన్‌వే మీంచి గాల్లోకి లేచింది ఏసోబు ఒక్కడే. మూడు పల్టీలు కొట్టాడు. ఒక పల్టీలో వినుకొండ కొండ కనపడింది, ఇంకో పల్టీలో పేట లారీ అడ్డా కనపడింది. ఆఖరికి వెల్లకిలా పడి, ఆకాశం చూసుకుంటా ఉండిపోయాడు. చేతులు కదిపి చూసుకున్నాడు, కదిలినయ్యి. కాళ్ళూ కదిలినయ్యి. లుంగీ నిండా ముళ్ళు తప్ప ఏం కాలా. ఇంతేనా అనిపించింది వాడికి. ఇంతేనా పడటమంటే, దీనికా ఇన్నేళ్ళూ నేను భయపడింది?

"ఉన్నావా, పోయావా?" దూరం నుంచి గురువుగారి కేక.

"ఉన్నానండీ."

"ఉంటే బండెక్కు. బాబుగారొచ్చాడు."

ఏసోబు ముళ్ళు దులుపుకుని కార్లోకి దిగాడు. గురువుగారి కోసం పక్క తలుపు తెరిచి పెట్టాడు. ఆయన వచ్చి, ఎక్కకుండా, మోచేత్తో ఆ తలుపు నెట్టి మూసేశాడు.

"మీరు ఎక్కరా?"

"ఉన్న బరువు చాల్లేదా నీకు?" అని లారీ వైపు నడిచిపోయాడు.

రంగబాబుగారు స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడ్డాడు. ఏసోబు బ్రేకు అదిమాడు, యాక్సిలరేటరు తొక్కాడు. ఇంజను రంకేసింది. దీపం వెలిగింది. ఘాట్ రోడ్ల మీద క్లచ్చిని పసిబిడ్డని మంచం మీదికి దించినట్టు మెల్లగా వదలడం నేర్చిన కాలు వాడి ఎడంకాలు. లోడు కదలకుండా, పక్కనున్న మనిషి ఉలిక్కిపడకుండా చూసుకున్న కాలు. అది బ్రేకు మీంచి లేవలా. ఏసోబు పక్క సీటు చూశాడు. ఖాళీ. కాలు తీసేశాడు.

అంతే! బండి పోయింది. ఏసోబు పొట్ట బయల్దేరిన చోటే నిలబడిపోయి, రెండొందల గజాలు పోయాక వచ్చి కలుసుకుంది. వాడి నీడ వెనక పరిగెత్తలేక కంపచెట్ల కింద కూలబడింది. బాబుగారి పంచె కొంగు ఆ గాలికి పోయి వాచీకి చుట్టుకుంటే, ఆయన దాన్ని విప్పుకుని చూసుకున్నాడు. మూడు పాయింటు తొమ్మిది. "నీదేరా బండీ!" అని అరిచాడు. అరుపు ఏసోబుని అందుకోలా, వాడు తిరిగొచ్చేటప్పుడు దారిలో ఎదురై కలిసింది.

ఏసోబు కారు దిగీ దిగకముందే గురువుగారి దగ్గరికి ఉరికాడు. ఆయన లారీ నీడన నిలబడి ఉన్నాడు, చేతులు రెండూ తువ్వాలులో చుట్టుకుని. ఆ చేతులు కళ్ళకద్దుకుందామని ఏసోబు లాక్కున్నాడు. తువ్వాలు జారింది. అరచేతులు రెండూ అడ్డంగా తోలు లేచిపోయి ఎర్రగా ఉన్నయ్యి. వాడు లాగిన లాగుడికి మోకు రంపంలాగా కోసుకుంటా పోయింది.

"అయ్యో గురువుగారూ! ఒక్క మాటన్నా చెప్పలేదే! పడింది నేను గదండీ?"

బాజీ మేస్త్రి చేతులు వెనక్కి లాక్కున్నాడు.

"పడ్డోడికే నొప్పనుకున్నావా, పిచ్చి సన్నాసీ? వదిలినోడికి ఉండదట్రా?"

ఇదీ జరిగింది. కోతలంటారా? ఆ రన్‌వే అక్కడే ఉంది, కాలు తీసిన చోట టైర్ల నల్లచారలు రెండూ అక్కడే ఉన్నయ్యి. పోయి, చేతనైతే చెరిపేసి రండి. అప్పుడు మాట్లాడుకుందాం.