మల్లాంబ కట్టిన పేరంటపు మూట

అనగా అనగా ముత్యాలరేవు అని ఒక పట్టణం. అక్కడ సోమదత్తుడనే వర్తకుడు గంధం, కాటుక, పసుపు అమ్మేవాడు. అతనికి అంగడి లేదు. సరుకంతా ఇళ్లలోనే అమ్ముడుపోయేది.

అదెలాగంటే, ఊళ్లో ఒక ఇల్లాలు పేరంటం పెట్టేది. ఇరుగుపొరుగు అమ్మలక్కలను పిలిచి, సోమదత్తుడు పంపిన మచ్చు సరుకు చూపించేది. ఎవరికేం కావాలో వాళ్లు చెబితే, వారం తిరిగేసరికి సరుకు ఇంటికి చేరేది. పేరంటం పెట్టిన ఇల్లాలికి ఒక పట్టు రవికగుడ్డ బహుమానం.

ఆ ఇల్లాలికి ముందుగా పంపే మూటలు కట్టడం మల్లాంబ పని. భర్త పోయాక ఆమెకు ఆ పనే ఆధారం. ఎర్రగుడ్డ పరిచి, మూడు భరిణెలు పెట్టేది. పక్కన పిలుపుల కోసం పన్నెండు తాటాకులు. ఏ సరుకు గురించి ఏం చెప్పాలో రాసిన పెద్ద తాటాకు ఇంకొకటి. నాలుగు కొసలూ కలిపి ఆమె ముడి వేస్తే, ఆ మూట చూడముచ్చటగా ఉండేది.

ఒక్కటే ఆమెకు అంతుపట్టేది కాదు. అమ్మే సరుకు వెనక కొట్టులో, జాడీల్లో ఉండేది. ఆ తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉండేది. మచ్చు సరుకు మాత్రం భోషాణంలో ఉండేది. దాని తాళంచెవి సోమదత్తుడి మొలలో ఉండేది. భరిణెలు అతనే నింపి ఇచ్చేవాడు.

ఒకనాడు అడిగేసింది. "అయ్యగారూ, మచ్చు కూడా జాడీల్లోంచే తీయొచ్చు కదా?"

సోమదత్తుడు ఆమెను ఎగాదిగా చూశాడు. "నీ పని ముడి వేయడం. విప్పడం కాదు."

ఆ మాటతో మల్లాంబ మనసులో అనుమానం మొదలైంది.

మరునాడు భరిణె అంచుకు అంటిన గంధం కుడిచేతికి రాసుకుంది. జాడీలోది ఎడమచేతికి రాసుకుంది. అంట్లు తోమింది, బట్టలు ఉతికింది. పొద్దు వాలేసరికి కుడిచెయ్యి ఇంకా ఘుమఘుమలాడుతోంది. ఎడమచెయ్యి రంపపు పొట్టు వాసన వేస్తోంది. 'జాడీ మూత సరిగా పెట్టలేదేమో' అని సర్దిచెప్పుకుంది. కానీ పడుకునేముందు మళ్లీ రెండు చేతులూ వాసన చూసుకుంది.

నాలుగు రోజులకు బావి దగ్గర, పేరంటంలో కాటుక కొన్న ఈరమ్మ ఎదురైంది. ఆమె కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"పేరంటంలో పెట్టుకుంటే చల్లగా ఉంది కాటుక. ఇంటికి వచ్చింది పెట్టుకుంటే ఒకటే మంట!" అంది ఈరమ్మ. ఆగి, మల్లాంబ చేతులకేసి చూసింది. "మూటలు కట్టేది నువ్వే కదా? మంచి సరుకు మధ్యలో ఎవరింటికి పోతోందో మరి!"

మల్లాంబ బిందె ఎత్తుకుని ఇంటిదారి పట్టింది. ఆ రోజు నుంచి ఆమె కనబడితే ఆడవాళ్లు మాటలు ఆపేసేవారు. ఆమె బుట్టలోకి తొంగి చూసేవారు. ఊరి గుసగుసలు విని సోమదత్తుడు కూడా, ఏమీ ఎరగనట్టు, "వెళ్లేముందు కొంగు దులిపి వెళ్లు" అనసాగాడు.

ఆ వారమే అక్కమాంబ మల్లాంబ ఇంటికి వచ్చింది. మూడు పేరంటాలు పెట్టి, మూడు రవికగుడ్డలు గెలుచుకున్న ఇల్లాలు. ఆ మూడింటినీ మల్లాంబ ముందు పెట్టేసింది.

"ఇవి నాకొద్దు, తీసుకుపో. నిన్న మా అమ్మాయి సీమంతం. వాడలో అందరినీ పిలిచాను. ఒక్కరూ రాలేదు." అంది అక్కమాంబ. "వాళ్లు గంధాన్ని నమ్మి కొనలేదు మల్లాంబా. నన్ను నమ్మి కొన్నారు."

తను కట్టిన మూటలతో ఇన్నాళ్లూ పోయింది ఆ ఇల్లాళ్ల మీది నమ్మకమేనని మల్లాంబకు అప్పుడు తెలిసింది.

అంతలో నగరాధ్యక్షుడి భార్య పేరంటం పెడతానని కబురు చేసింది. సోమదత్తుడు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. మూడు భరిణెలు నింపి మల్లాంబకు ఇచ్చాడు. "ఈ ఒక్క మూట గెలిస్తే ఊరంతా మనదే. జాగ్రత్త!"

అతను అటు వెళ్లగానే మల్లాంబ భరిణెల్లోది మూడు గిన్నెల్లోకి వంచి, మూతలు పెట్టి, భోషాణం మీదే ఉంచింది. వెనక కొట్టులోకి నడిచింది. పని పోతే రేపెలా? అయినా జాడీల్లోంచి భరిణెలు నింపింది. ఎప్పటిలాగే ముడి వేసింది.

పేరంటంలో భరిణె మూత తీశారో లేదో, "ఇదేం గంధం? వడ్రంగి కొట్టు వాసన!" అని అందరూ ముక్కులు మూసుకున్నారు. ఒక్కరూ ఏమీ కావాలనలేదు.

సోమదత్తుడు నిప్పులు కక్కుతూ మల్లాంబను ధర్మాధికారి ముందు నిలబెట్టాడు.

"అయ్యా, ఇది దొంగ! నా మచ్చు కాజేసి, మూటలో చెత్త పెట్టింది. ఊరంతా దీన్ని అనుమానిస్తూనే ఉంది!"

ధర్మాధికారి మల్లాంబ వైపు తిరిగాడు. "నిజమేనా అమ్మా?"

"మచ్చు మార్చిన మాట నిజమే. అది భోషాణం మీద గిన్నెల్లో ఉంది. చిటికెడు తగ్గలేదు, తెప్పించండి. ఇక మూటలో నేను పెట్టింది ఆయన జాడీల్లోని సరుకే. ఇంటింటికీ ఆయన పంపే సరుకే. అది చెత్త అని ఆయనే అన్నారు."

సభలో నవ్వులు లేచాయి. ఈరమ్మ మాత్రం నవ్వలేదు. తల దించుకుంది.

గిన్నెలు వచ్చాయి, జాడీలు వచ్చాయి. ధర్మాధికారి రెండూ వాసన చూశాడు. కల్తీ సరుకు సముద్రంలో పారబోయించాడు. కొన్న ప్రతి ఇంటికీ సోమదత్తుడు స్వయంగా వెళ్లి మంచి సరుకు ఇవ్వాలని, పేరంటం పెట్టిన ప్రతి ఇల్లాలి గడపలో నిలబడి, తప్పు ఆమెది కాదని వాడంతా వినేలా చెప్పాలని తీర్పు ఇచ్చాడు.

అతను చెప్పక తప్పలేదు. ఆ సాయంత్రమే అక్కమాంబ ఇంటికి పక్కింటామె పూలు పట్టుకుని వచ్చింది. ఆమె వెనక ఈరమ్మ వచ్చింది. వాళ్ల వెనక వాడంతా వచ్చింది.

మల్లాంబ ఆ కొలువు మానేసింది. ఆడవాళ్లే నలుగురు కలిసి గంధం తీయడం మొదలుపెడితే, మూటలు ఆమే కట్టింది. మచ్చు ఏ జాడీలోంచి తీసేదో, సరుకు కూడా అందరూ చూస్తుండగా ఆ జాడీలోంచే తీసి ఇచ్చేది.

కాబట్టి పిల్లలూ, చూపించేదీ ఇచ్చేదీ ఒకటే అయినవాడికి ఎవరి అనుమానమూ అంటదు.